పెన్న ఎగువన పశువుల ఆస్పత్రి

నెల్లూరులో పుట్టి పెరిగిన వాళ్లకి పెన్న అంటే రంగనాయకుల గుడి వెనక కనుచూపు మేర పరుచుకున్న ఇసుక. తుఫాను వానలు పడ్డ ఏడాది ఒడ్లు ఒరుసుకుని పారే నీళ్లు. ఆ నీళ్లు ఎక్కడివని ఎవరైనా అడిగితే సోమశిల దాకా చెప్పగలం, ఆ పైన మాట తడబడుతుంది. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, ఉత్తరంగా నడిచి, హిందూపురం దగ్గర ఆంధ్రలోకి వచ్చే ఆ నదిని పుట్టింటి దగ్గర చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. మార్గశిరంలో, చలి బాగా పట్టిన రోజుల్లో అది తీరింది. నది కోసం వెళ్లిన నేను ఎక్కువసేపు గడిపింది మాత్రం పశువుల ఆస్పత్రుల వరండాల్లో. అందుకే ఇందులో నది గురించి కొంత, కుక్కల గురించి ఎక్కువ ఉంటుంది.

హిందూపురం దాటి దక్షిణంగా పోతుంటే రాష్ట్రం మారిన సంగతి బోర్డుల మీది లిపి చెప్పాలి తప్ప మనుషుల మాట చెప్పదు. ఎర్రమట్టి చేలు, మధ్యమధ్య గుండ్లు పేర్చినట్టున్న గుట్టలు, కోసి కుప్పేసిన రాగి. రాగి వెన్నుల్ని తారురోడ్డు మీదే పరిచేశారు. బస్సులూ లారీలూ వాటిమీద నుంచి పోతుంటే గింజ రాలుతుంది, ఆడవాళ్లు పక్కన నిలబడి చీపుళ్లతో ఊడ్చుకుంటున్నారు. ఒక మలుపు దగ్గర గొర్రెలమంద అడ్డం వస్తే కాపరిని పలకరించాను. నాది నెల్లూరని తెలియగానే అతని మొహం వెలిగింది. "మా మందలోనూ మీ నెల్లూరు పొట్టేలు ఉండాది సామీ, చూడండి" అని మందలోకి చొరబడి, పొడుగు కాళ్ల తెల్లటి పొట్టేలుని చెవి పట్టుకుని లాక్కొచ్చాడు. మా ఊరి చుట్టాన్ని చూసినంత సంతోషమైంది. నట్టల మందు ఏ నెలలో తాగించాడో, ఏ సూది ఎప్పుడు వేయించాడో అడక్కుండానే వరసగా చెప్పుకొచ్చాడు. ఆ నేలలో మనుషులకి పశువు ఆరోగ్యం పొద్దున పలకరింపుల్లో ఉండే విషయమని అప్పుడే తెలిసింది.

గౌరిబిదనూరు ఇంకా కొన్ని మైళ్లుందనగా విదురాశ్వత్థ వస్తుంది. పక్కనే నది. ఇక్కడ దాని పేరు ఉత్తర పినాకిని. నీళ్లు పెద్దగా లేవు. రెల్లు పొదల మధ్య సన్నని పాయ. నెల్లూరు దగ్గర అంత వెడల్పున పారే పెన్న ఇదేనంటే నమ్మడం కష్టం. విదురుడు నాటిన రావిచెట్టు ఉన్న చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందని స్థలపురాణం. ఆ మహావృక్షం 2001లో కూలిపోయింది. అశ్వత్థనారాయణస్వామి గుడి ఉంది, గుడి చుట్టూ నాగశిలలు ఉన్నాయి. వందలు కాదు, వేలు. ఒకదానికొకటి ఆనుకుని, వరసలు వరసలుగా, కొన్ని మొన్ననే ప్రతిష్ఠించి పసుపు ఆరనివి, కొన్ని ఎండకీ వానకీ పడగ అరిగిపోయినవి. పిల్లలు కలగాలని మొక్కుకున్న వాళ్లు నిలిపినవే ఎక్కువ. ఒక్కో రాయి వెనక ఒక ఇంటి ఎదురుచూపు ఉంది. ఆ రాళ్ల నడుమ, ఎండ పడే చోటు వెతుక్కుని ఊరకుక్కలు పడుకున్నాయి. ఎవరూ అదిలించడం లేదు.

ఈ ఊరికి ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1938 ఏప్రిల్ 25న ఇక్కడ జెండా ఎగరేయడానికి చేరిన జనం మీద మైసూరు సంస్థానం పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు ముప్ఫైకి పైమాటే అని ఇక్కడి వాళ్లు చెబుతారు. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని పేరు పడింది. స్మారక స్తూపం దగ్గర చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డాను. సరిహద్దుకి అవతలా ఇవతలా తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలకి ఈ చోటు ఎంత దగ్గరిదో అక్కడ తెలిసింది. హిందూపురం వైపు నుంచి వచ్చిన ముసలాయన ఒకరు మనవడికి ఆ కథని తెలుగులోనే చెబుతున్నారు.

గుడి బయట పూలమ్మే పెద్దావిడ "ఏ ఊరప్పా?" అని అడిగింది. చెప్పాను. "ఓ, మా ఏరు పోయి సముద్రంలో కలిసే ఊరా!" అంది. అంత ముచ్చటగా మా ఊరి గురించి ఎవరూ అనగా వినలేదు. ఆమె కాళ్ల దగ్గర నల్లటి కుక్క పడుకుని ఉంది. పేరు కరియ. దాని మూతి ఒకపక్క వాచి ఉంది, ముందు కాలికి కట్టు.

"ఏమైందమ్మా దీనికి?"

"పాము కరిసింది సామీ, పోయిన వారం. రాగి కోస్తాంటే గట్టున ఎలకబొక్కలో మూతి పెట్టింది."

రోజూ నాగశిలలకి పసుపు రాసే చేతులు అవి. పాము మీద కోపం రాలేదా అని అడగబోయి ఆగాను, ఆమే చెప్పింది. "పాముది తప్పేముంది? దాని ఇంట్లోకి ఇది పోయింది. దాని పని అది చేసింది. మన పని మనం చేయల్ల గదా. బిర్నే ఆటోలో ఏసుకుని ఆస్పత్రికి పోతిమి." ఆ రోజు మళ్లీ కట్టు మార్పించాలట. కొడుకు ఆటో తెచ్చాడు. నన్నూ ఎక్కమన్నారు. ఎక్కాను.

ఆ దగ్గరి పట్టణంలోని ప్రభుత్వ పశువుల ఆస్పత్రి మన జిల్లాల్లో కనిపించేలాంటిదే. వేపచెట్టు, దాని కింద పశువుని నిలబెట్టే ఇనుప గొట్టాల చట్రం, దాన్నక్కడా ట్రేవిస్ అనే అంటారు. అందులో ఒక హెచ్‌ఎఫ్ జాతి ఆవు, పొదుగు వాచి. వరండాలో మేకల్ని పట్టుకుని ఇద్దరు, గంపలో కోళ్లతో ఒక ముసలాయన, అట్టపెట్టెలో కుక్కపిల్లతో ఒక కుర్రాడు. పాడి ఆవుల కోసం కట్టిన ఆస్పత్రికి ఇప్పుడు కుక్కలు కూడా వస్తున్నాయి. కొన్నేళ్లుగా ఇది బాగా పెరిగిందని డాక్టరు అన్నారు. కన్నడలో మాట్లాడుతూ, నన్ను చూసి తెలుగులోకి మారిపోయారు.

కరియ వంతు వచ్చింది. మెత్తటి కుక్కే అయినా నొప్పి ఉన్నప్పుడు ఏ కుక్కయినా కరుస్తుందని డాక్టరు ముందు దాని మూతి కట్టారు. ఆ కట్టడం దగ్గరగా చూశాను. గాజుగుడ్డ పట్టీని ఉచ్చులా చేసి, వాపు లేని చోటికి వచ్చేలా ముట్టె మీదుగా వదులుగా తొడిగి, గడ్డం కింద ఒకసారి మెలేసి, రెండు కొసలూ చెవుల వెనక్కి తీసుకెళ్లి జారుముడి వేశారు. ఒక్క లాగుతో ఊడివచ్చేలా. కుక్క ఊపిరికి ఇబ్బంది లేకుండా చూసి, అప్పుడు పై పెదవి కొంచెం ఎత్తి చిగుళ్లు చూశారు. "ఈ రంగు చూడండి. గులాబీగా ఉంది. పోయిన వారం గోడకి వేసిన సున్నంలా ఉండింది." చిగురు మీద వేలితో నొక్కి వదిలారు. తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపే రక్తం తిరిగి వచ్చింది. ఇంట్లో కుక్క ఉన్న ప్రతి ఒక్కరూ ఈ ఒక్కటి నేర్చుకుంటే చాలా ప్రాణాలు నిలుస్తాయని ఆయన అన్నారు. చిగుళ్లు పాలిపోయినా, పసుపుపచ్చగా మారినా, నీలం తిరిగినా ఆ పూటే డాక్టరు దగ్గరికి రావాలి. జ్వరం సంగతి ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నదాన్ని బట్టి తెలియదు. కుక్కకి మామూలు వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది.

కరిచింది ఏ పామో ఎవరూ చూడలేదు కదా, ఎలా తెలిసిందని అడిగాను. గాజు పరీక్షనాళికలో కొంచెం రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు పెట్టారట. ఇరవై నిమిషాల తర్వాత వంచితే నీళ్లలా జారింది, గడ్డకట్టలేదు. అంటే పింజరి జాతి. నాగుపామో కట్లపామో అయితే రక్తం మామూలుగా గడ్డకడుతుంది, కనురెప్పలు వాలి, ఊపిరి నిలిచిపోయే ప్రమాదం వస్తుంది. మన దేశంలో దొరికే పాముకాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి ఒకటే. మనుషులకీ కుక్కలకీ కూడా అదే. మోతాదు దగ్గర చాలామంది పొరపాటు పడతారట. చిన్న కుక్క కదా, చిన్న మోతాదు చాలనుకుంటారు. మందు కొట్లాడాల్సింది కుక్క బరువుతో కాదు, పాము ఎక్కించిన విషంతో. పది కిలోల కుక్కకీ మనిషికి పట్టినన్ని సీసాలు పట్టవచ్చు.

ఆ మందు పుట్టుక తలుచుకుంటే నాకు ఎప్పుడూ ఒళ్లు పులకరిస్తుంది. తమిళనాడులో వడనెమ్మేలి దగ్గర, 1978లో ఏర్పడిన ఇరుళర్ సహకార సంఘం పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతోంది. మా నెల్లూరు యానాదుల్లాగే వాళ్లకీ పాము జాడ తెలిసిన విద్య తరతరాలది. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కిస్తే వాటి రక్తంలో విరుగుడు తయారవుతుంది. హైదరాబాద్ కంపెనీ ఒకటి కూడా ఈ మందు చేసేవాటిలో ఉంది. పాము విషం, గుర్రం రక్తం, ఇరుళర్ చెయ్యి, ప్రయోగశాల వాళ్ల శ్రద్ధ, ఇన్ని కలిస్తే పినాకిని ఒడ్డున పూలమ్మే ఆవిడ కుక్క బతికింది. ఇంకో చుట్టరికం కూడా గుర్తొచ్చింది. 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద పుస్తకం అచ్చువేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో పనిచేసిన వైద్యుడు. ఇప్పుడు లోకమంతా ఆయన పేరుతో పిలిచే రక్తపింజరిని ఆయన మన వాళ్ల నోట విని కాటుకరేకుల పొడ అని రాసుకున్నాడు.

కట్టు మార్చడం అయిపోయింది. కాటు పడ్డప్పుడు తాడు బిగించి కట్టొద్దు, కోసి పీల్చొద్దు, పరిగెత్తించొద్దు, మోసుకుని రండి అని డాక్టరు ఆమె కొడుకుకి మళ్లీ చెప్పారు. అతను బుద్ధిగా తల ఊపాడు. జారుముడి లాగగానే కరియ డాక్టరు చెయ్యే నాకింది.

అట్టపెట్టె కుర్రాడి విషయం అంత తేలిగ్గా ముగియలేదు. రెండు నెలల పిల్ల. రెండు రోజులుగా వాంతులు, రక్తంతో విరేచనాలు. వాసన చూసే డాక్టరు పార్వో అన్నారు. 1978 ప్రాంతంలో లోకానికి కొత్తగా తెలిసిన వైరస్ ఇది, కొద్దికాలంలోనే ఖండాలన్నీ చుట్టింది. దాన్ని చంపే మందు లేదు. ముందు కాలి నరంలోకి సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, పేగులు కోలుకునే దాకా ప్రాణం నిలబెట్టడమే వైద్యం. తొడ మీద తోలు చిటికెతో ఎత్తి వదిలారు. ఎత్తింది ఎత్తినట్టే నిలబడిపోయింది. ఒంట్లో నీరు అంత ఇంకిపోయింది. సూది పెట్టడానికి నరం దొరక్క ఆయన నుదురు చెమట పట్టింది, చలికాలంలో. చివరికి దొరికింది. ఆ కుర్రాడు సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి నొప్పెడుతుందని నేను తీసుకోబోతే ఇవ్వలేదు.

బతుకుతుందా అని అడిగాడు. డాక్టరు అబద్ధం చెప్పలేదు. "మూడు నాలుగు రోజులు గడిస్తే బతుకుతాదప్పా. రోజూ తీసుకురా" అన్నారు. తర్వాత నాతో మెల్లగా, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఒక టీకా, అక్కడి నుంచి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలలు నిండే దాకా వేయిస్తే ఈ అవస్థ రాదన్నారు. ఒక్కటి సరిపోదు. తల్లిపాలతో వచ్చిన రక్షణ ఉన్నంతకాలం అది టీకాని పనిచేయనివ్వదు, అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లలో ఒక్కో రకం. అందుకే మళ్లీ మళ్లీ వేయాలి. పార్వో వచ్చి పోయిన ఇంటి మట్టిలో వైరస్ నెలల తరబడి బతుకుతుంది. వెంటనే ఇంకో పిల్లని తెచ్చి అదే మూల కట్టేస్తే అదీ పోతుంది.

ఆ వరండాలో కూర్చుని విదురుడి గురించే ఆలోచించాను. భారతంలో ఆయన పని ఏమిటి? ఆయుధం పట్టలేదు, రాజ్యం ఏలలేదు. జరగబోయేది ముందే చూసి చెప్పాడు. లక్క ఇంటి సంగతి ముందుగా పాండవుల చెవిన వేశాడు, వాళ్లు విన్నారు, బతికారు. ధృతరాష్ట్రుడికి నిద్రపట్టని రాత్రంతా కూర్చుని చెప్పాడు, ఆయన వినలేదు. పశువైద్యుడి పనిలో ముప్పాతిక భాగం ఇదే. కుక్క చక్కగా ఆడుకుంటున్నప్పుడు సూది వేయించమంటారు, ఎవరికీ పట్టదు. అట్టపెట్టెలో తెచ్చినప్పుడు చెప్పడానికి ఏమీ మిగలదు.

విదురుడు యమధర్మరాజు అంశ అని, మాండవ్య ముని శాపం వల్ల అలా పుట్టాడని కథ. భారతం చివర పాండవుల వెంట మహాప్రస్థానంలో కడదాకా నడిచిన కుక్క కూడా ఆ ధర్ముడే. దాన్ని వదిలి స్వర్గం ఎక్కనన్నాడు ధర్మరాజు. ఆ ఘట్టాన్ని తెలుగు చేసిన తిక్కన మా నెల్లూరు వాడు, ఇదే నది దిగువన కూర్చుని రాసినవాడు. మొదట్లో ఏముంది? నన్నయ ఆదిపర్వంలో సరమ కథ. తప్పు చేయని కుక్కపిల్లని జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారు, తల్లి కుక్క వచ్చి రాజుని నిలదీసింది. కుక్క అడిగిన న్యాయంతో మొదలై, కుక్కని వదలని మనిషితో ముగిసే ఇతిహాసం మనది. అయినా వీధికుక్క మీద రాయి విసరడానికి మనకి చెయ్యి ఎందుకు అంత తొందరగా లేస్తుందో నాకు అర్థం కాదు. విదురాశ్వత్థలో రాళ్ల మధ్య ఎండ కాగుతున్న ఆ కుక్కల్ని ఎవరూ అదిలించకపోవడం నా మనసులో నిలిచిపోయింది.

మధ్యాహ్నం భోజనం ఒక చిన్న ముద్ద హోటల్లో. రాగిముద్ద, అనపకాయల కాలం కాబట్టి పితికిపప్పు పులుసు. గింజని నానబెట్టి, వేళ్ల మధ్య పితికి, తోలు తీసి వండే ఆ పప్పు రుచి చలికాలంలోనే తెలియాలి. ఒక ముద్ద చాలంటే వడ్డించే ఆవిడ ఊరుకోలేదు. "అంత దూరం నుంచి వచ్చి ఒక ముద్దకే లేస్తే మాకు బాగుండదు" అని రెండోది వేసింది. నమలకుండా మింగాలని పక్కాయన నేర్పించాడు. వెనక గుమ్మం దగ్గర రెండు కుక్కలు కాచుకుని ఉన్నాయి. వాటికి ఆవిడ ముద్ద విరిచి, ఉప్పు లేని మజ్జిగలో కలిపి పెట్టింది. మిగిలిన పులుసు ఎందుకు పోయలేదని అడిగితే, "దాంట్లో ఉల్లిగడ్డ ఉంటాది, రక్తం విరుగుతాదంట. డాక్టరు చెప్పినాడు" అంది. నిజమే. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకీ పిల్లులకీ ఎర్రకణాల్ని చితకగొడతాయి, వండినా ఆ గుణం పోదు. ఉడికిన కోడి ఎముక కూడా వేయదట, చీలికలుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుందని. మా ఇళ్లలో ఆదివారం విస్తళ్లు పెరట్లో పడేసినప్పుడు ఇంత ఆలోచించే వాళ్లు ఎందరు?

చిక్కబళ్లాపురం వైపు నేల మారుతుంది. నంది కొండలు దగ్గరపడి, పొద్దున్నే వాటి నడుము దాకా మంచు. ఆ కొండల్లోంచే మా నది బయల్దేరింది. రెండు పక్కలా ద్రాక్షతోటలు. బెంగళూరు బ్లూ అనే ముదురు ఊదారంగు రకం ఇక్కడిదే, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒక తోట రైతు గుత్తి కోసి చేతిలో పెట్టి, తినే దాకా కదలనివ్వలేదు. తోటకి కాపలా రెండు నాటుకుక్కలు. రాలిన పళ్లు కుక్కలు తినవా అని అడిగాను. వరసల మధ్య రోజూ ఊడ్పిస్తామన్నాడు. అంతకుముందు ఒక కుక్క పోయిందట. వాంతులు చేసుకుంది, మర్నాటికి ఉచ్చ ఆగిపోయింది, కిడ్నీలు పనిచేయడం లేదన్నారు. పండు తిన్నదనే అనుమానం ఎవరికీ రాలేదు.

ద్రాక్ష కుక్కకి విషమని చాలాకాలంగా తెలుసు, ఎందుకో తెలిసేది కాదు. ఒక కుక్క గుప్పెడు తిన్నా బాగుంటుంది, ఇంకో కుక్క నాలుగు తిని పోతుంది. 2021లో అమెరికా పశువైద్యులు పండులోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని గుర్తించారు. పండు రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి అది మారుతుంది కాబట్టి ఇంత తింటే పరవాలేదనే లెక్క ఉండదు. ఎండుద్రాక్షలో ఇంకా చిక్కగా ఉంటుంది. మనం పాయసంలో వేసేది అదే. అదే ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంది. పులుసన్నం అలవాటున్న మన ఇళ్లకి ఇది తెలియాల్సిన సంగతి. తిన్నట్టు తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకూడదు, మొదటి ఒకటి రెండు గంటల్లో డాక్టరు వాంతి చేయించగలిగితే చాలావరకు గండం గడుస్తుంది.

శిడ్లఘట్ట పట్టుగూళ్ల సంత మీదుగా చింతామణి చేరాను. అక్కడికి దగ్గర్లోనే కైవార. గాజులమ్ముకుని తిరిగి యోగి అయిన నారేయణ తాతయ్య తెలుగులో తత్త్వాలు చెప్పిన ఊరు, భీముడు బకాసురుణ్ని చంపిన ఏకచక్రపురం ఇదేనని నమ్మే ఊరు. ఆ మఠంలో కొంతసేపు కూర్చున్నాను. చింతామణి బజార్లో టమాటా లారీల రద్దీ మధ్య ఒక చిన్న ప్రైవేటు క్లినిక్ ఉంది. కుక్కలకీ పిల్లులకీ మాత్రమే. లాబ్రడార్లు, పొమరేనియన్లు, పిల్లుల బుట్టలు. మా నెల్లూరులో లాగే ఇక్కడా మంచుదేశపు హస్కీ ఒకటి నాలుక వేలాడేసుకుని ఏసీ కింద పడుకుని ఉంది. ఇదే రాష్ట్రానికి ముధోళ్ వేటకుక్క ఉంది. 2005లో తపాలా బిళ్ల మీదికి ఎక్కిన జాతి, మన ఎండకి పుట్టిన జాతి. అలాంటివి ఉండగా ఆ బొచ్చుకుక్కని మన ఎండల్లోకి తేవడం దాన్ని రోజూ శిక్షించడమే.

అక్కడి డాక్టరమ్మ ఎక్కువగా చూసేవి రెండు రకాల విషాలట. ఒకటి తోటల్లో కొట్టే పురుగుమందు, ఎలకలకి పెట్టే మందు. డబ్బా కడిగిన నీళ్లు తాగినా కుక్కకి నురగలు, వణుకు వచ్చేస్తాయి. ఆ డబ్బాయో పొట్లమో చెత్తలో పారేయకుండా క్లినిక్‌కి తెమ్మంటారు, మందు పేరు తెలిస్తే విరుగుడు తేల్చుకోవచ్చు. రెండోది ఇంట్లోని మందులడబ్బా. జ్వరం వచ్చిందని పిల్లికి పారాసిటమాల్ బిళ్ల వేస్తారు. పిల్లి కాలేయానికి దాన్ని కరిగించే శక్తి లేదు. ఒక్క బిళ్ల చాలు ప్రాణం తీయడానికి. ప్రేమతో వేసిన బిళ్ల అని చెబుతూ ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పల్లెల నుంచి రాలేని వాళ్లకి 1962 నంబరు గోడమీద పెద్ద అక్షరాలతో రాయించారు. ఆ నంబరుకి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. మన ఆంధ్రలోనూ 2022 నుంచి అలాంటి వాహనాలు తిరుగుతున్నాయి, నంబరు కూడా అదే.

చివరి మజిలీ బాగేపల్లి. ఇక్కడ వింటే మళ్లీ అంతా తెలుగే. జాతీయ రహదారి మీద టీ అంగడి దగ్గర పిచ్చికుక్క మాట వచ్చింది. ఒక పెద్దాయన చొక్కా ఎత్తి, చిన్నప్పుడు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకున్న కథ చెప్పాడు. గొర్రె మెదడు నుంచి చేసిన ఆ పాత మందు ఇప్పుడు లేదు, చేతికి నాలుగైదు సూదులతో సరిపోతుంది. అంతకుముందు తరాల వాళ్లకి 1907లో పెట్టిన కూనూరు పాశ్చర్ సంస్థే దిక్కు. అంత మారినా, కరిచిన చోట కారం పెట్టడం, పసుపు అద్దడం, తాయెత్తు కట్టడం ఇంకా పోలేదు. ఈ జిల్లాలోనే గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్య బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా 1976లో మహిమల మీద విచారణ సంఘం వేసిన మనిషి. దేన్నయినా అడిగి తెలుసుకోమన్నాడు. ఆయన నేల మీద ఈ ఒక్క విషయమైనా ప్రతి ఇంటికీ తెలియాలి: కుక్క కరిచినా గీరినా ధారగా పడే నీళ్లకింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి వైద్యం లేదు.

ఇక కుక్కకి మూడు నెలల వయసులో ఒక సూది, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకి ఇంకోటి, ఆపైన ఏటా ఒకటి. ఊళ్లో కుక్కల్లో నూటికి డెబ్బైకి టీకా పడితే వైరస్‌కి దారి మూసుకుపోతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. బాగేపల్లి పశువుల ఆస్పత్రి ఫ్రిజ్‌లో చూసిన రేబిస్ టీకా సీసా మీద హైదరాబాద్ పేరే ఉంది. జాతీయ పాడిపరిశ్రమ అభివృద్ధి మండలి 1982లో పెట్టిన ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ తయారీ. అక్కడి కాంపౌండరు ఆ సీసాని చేతిలో ఎక్కువసేపు ఉంచనివ్వలేదు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనం తప్పితే అది ఉత్త నీళ్లేనని గబుక్కున తీసి లోపల పెట్టేశాడు.

ఆయనతోనే చాలాసేపు మాట్లాడాను. కుక్కలకి సరిహద్దు తెలియదు. ఇవతల ఊళ్లో టీకాలు వేస్తే, అవతల చేను దాటి ఇంకో కుక్క వస్తుంది. అవతల సత్యసాయి జిల్లా, ఇవతల చిక్కబళ్లాపురం. ఒక పక్క వేసిన టీకాల లెక్క ఇంకో పక్క వాళ్లకి తెలియదు. పశువుల ప్లేగుని, ఇక్కడి పెద్దలు దొడ్డరోగం అనేదాన్ని, 2011లో లోకంలోనే లేకుండా చేయగలిగింది సరిహద్దులు చూడకుండా టీకాలు వేసినందుకే. దాని కోసమే 1925లో మైసూరు సంస్థానం హెబ్బాళలో సీరం సంస్థ పెట్టింది. జంతువుల నుంచి మనుషులకి సోకే రోగాల పేరుతో జరిపే జూనోసిస్ దినమని ఏటా జులై 6న మన దగ్గరా వాళ్ల దగ్గరా పెంపుడు కుక్కలకి ఉచితంగా టీకాలు వేస్తారు. 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేసిన రోజు అది. ఆ వారం హిందూపురం, పెనుకొండ వైపు డాక్టర్లూ, గౌరిబిదనూరు, బాగేపల్లి డాక్టర్లూ ఒకే రోజున సరిహద్దు ఊళ్లకి కలిసి వెళ్లి, పెంపుడు కుక్కల్నీ వీధి కుక్కల్నీ వదలకుండా వేస్తే ఎంత బాగుంటుందని అన్నాను. ఆయన కాగితం తీసి, తన పరిధిలోని సరిహద్దు పల్లెల పేర్లు కన్నడంలో రాసి ఇచ్చాడు. హిందూపురంలో దిగగానే అక్కడి పశువైద్యాధికారికి ఆ కాగితం ఇచ్చి, తెలుగులో చదివి వినిపించి వచ్చాను.